పార్శిల్ వద్దండీ, ఇక్కడే తింటాను

గుంటూరులో చదువుకునే ఆడపిల్లలు హోటల్ తిండి తినరని ఎవరైనా అంటే నమ్మకండి. బాగానే తింటాం. కారప్పొడీ నెయ్యీ వేసిన ఇడ్లీ, బొంబాయి చట్నీతో పూరీ, అల్లం పచ్చడితో పెసరట్టు, ఆదివారమైతే ఫ్రై పీస్ బిర్యానీ, అన్నీ మా గదుల్లోకి వస్తాయి. వచ్చేది మాత్రం కవర్లలో. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం లైన్లలో లేడీస్ హాస్టళ్లు ఉన్న చోట సాయంత్రం ఏడింటికి కాసేపు నిలబడి చూడండి. వేలికి తగిలించుకున్న కవర్లో సాంబారు ప్యాకెట్టు ఊగుతుంటే గబగబా గేటు వైపు నడిచే అమ్మాయిలు వరసగా కనపడతారు. అదే లైన్లో, అదే వేళకి, మెస్సుల్లో బల్లల ముందు కూర్చొని తింటున్నవాళ్లను కూడా చూడండి. ఒక్కతే వచ్చి కూర్చున్న అమ్మాయి వాళ్లలో కనపడటం చాలా అరుదు.

నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇన్నాళ్లూ ఈ ఊళ్లో తిన్న తిండినీ, తిన్న తీరునూ తలచుకుంటే నాకు ఒక్క సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఆడపిల్ల ఒక్కతే హోటల్‌కి వెళ్లి, కింద హాల్లో అందరి మధ్య కూర్చొని, తొందర లేకుండా కడుపునిండా తిని రాగలగాలి. దీన్ని సరదా కింద కొట్టిపారేయకండి. ఇంట్లోంచి బయటికొచ్చి సొంతంగా బతకడం నేర్చుకునే వయసులో ఇది మాకు అవసరం. ఆ అవసరాన్ని ఈ ఊరు ఇంకా గుర్తించలేదు.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. కౌలు భూమిలో మిరప వేస్తాం. కాయ ఎండాక నాన్న టిక్కీలు (మిర్చి బస్తాలు) బండికెత్తించి గుంటూరు మిర్చి యార్డుకి వస్తాడు. సరుకు అమ్ముడుపోయి కమీషన్ కొట్టులో లెక్క తేలేదాకా ఒక్కోసారి రాత్రి కూడా ఇక్కడే ఉండాలి. అందుకని నాన్నకు గుంటూరు హోటళ్లు కొట్టిన పిండి. యార్డు దగ్గర ఏ హోటల్లో పప్పు చిక్కగా ఉంటుందో, బస్టాండు దగ్గర తెల్లవారుజామునే వేడివేడి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందో, ఏ సెంటర్లో కాఫీ బాగుంటుందో పూసగుచ్చినట్టు చెప్తాడు.

అమ్మ కూడా అదే పంటకి చాకిరీ చేస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా కోతలప్పుడు నడుము వంచి కాయ కోసేది అమ్మా, అమ్మతో పాటు వచ్చే ఆడకూలీలే. కల్లంలో కూర్చొని తాలు కాయ ఏరేదీ వాళ్లే. ఆ కాయ గుంటూరు వెళ్తుంది, అమ్మ వెళ్లదు. గుంటూరు హోటల్ రుచి అమ్మకు తెలిసింది నాన్న రాత్రి బస్సు దిగి తెచ్చిన పొట్లంలోంచే. చల్లారి మెత్తబడిన పూరీలు, పేపర్లో చుట్టిన మైసూర్ బజ్జీలు. "గుంటూరు పూరీ అంటే ఇంతేనా?" అని అమ్మ ఒకసారి అడగడం నాకు గుర్తుంది. ఇంతే అయితే బాగుండేది. బల్ల మీదకొచ్చిన అర నిమిషంలో పొంగిన పూరీ ఎట్లా ఉంటుందో చూసే వీలు అమ్మకు రాలేదు.

ఇప్పుడు అమ్మ కూతురు గుంటూరులోనే ఉంటోంది. ఫోన్లో డబ్బులున్నాయి, పక్క వీధిలో హోటలుంది, ఎటు పోతున్నావని అడిగే నాన్న పక్కన లేడు. అయినా తింటున్నది పొట్లమే. ఒక తరం దాటినా ఇది మారకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పొట్లం కడితే పోయేదేమిటని కొందరు అడుగుతారు. తిండి అదే కదా అంటారు. అదే కాదు. పెసరట్టు తీసుకోండి. పెనం మీంచి దించాక అంచులు కరకరలాడుతూ ఉండేది రెండు మూడు నిమిషాలే. ఆకులో పెట్టి పేపరు చుట్టగానే దాని ఆవిరికి అదే చెమట పడుతుంది. హాస్టల్ మెట్లెక్కి గది చేరేసరికి తడిగుడ్డలా ఉంటుంది. మిరపకాయ బజ్జీ అంతే, గారె అంతే. ఆ మధ్య పుస్తకాల కోసం విజయవాడ వెళ్లినప్పుడు గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌కి వెళ్లాం. అక్కడి ఇడ్లీ మీద వెన్న ముద్ద వేస్తారు. వెన్న కరిగి ఇడ్లీలోకి దిగుతుంటే, పూర్తిగా కరిగిపోకముందే కారప్పొడి అద్దుకొని తినాలి. దాన్ని పార్శిల్ కట్టించుకొని రైల్లో గుంటూరు తెచ్చుకుంటే మిగిలేది నూనె మరక పడిన కాగితం.

ఇక భోజనం సంగతి. మన వైపు ఫుల్ మీల్స్ అంటే అడిగినంత పెట్టడం. విస్తరి వేస్తారు, నీళ్లు చల్లుకుంటాం. కందిపొడి వేసి నెయ్యి పోస్తారు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, వేపుడు, కూర, సాంబారు, చారు, పెరుగు, అప్పడం. సర్వరు బకెట్టు పట్టుకొని వచ్చి "అన్నం పెట్టమంటారా?" అంటాడు. పార్శిల్ మీల్స్‌లో కూరలు అవే ఉంటాయి, అన్నం కూడా ఇద్దరికి సరిపడా ఉంటుంది, మారు వడ్డన మాత్రం ఉండదు. గోంగూర నచ్చితే మళ్లీ అడగడానికి మనిషుండడు. పైగా సలసల కాగే సాంబారు పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోసి దారం కడతారు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధం. కర్రీ పాయింట్లకు ఆ కబురు చేరిన జాడ లేదు. ఆ సంచులు ఎక్కువగా మోసేది హాస్టల్ పిల్లలమే.

మరి కూర్చొని ఎందుకు తినరు అంటే, మెట్ల దగ్గర నుంచి చెప్పాలి. ఈ ఊళ్లో నడిమి తరగతి హోటల్ ఏదైనా చూడండి. కింద మామూలు హాలు, పైన ఏసీ ఫ్యామిలీ హాలు. నేను ఒక్కదాన్నే లోపలికి అడుగుపెట్టగానే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన తలెత్తి "ఫ్యామిలీ పైనమ్మా" అంటాడు. నా వెనకాలే వచ్చిన అబ్బాయితో ఏమీ అనడు. వాడు పోయి ఖాళీ కుర్చీలో కూర్చుంటాడు. ఒక హోటల్లో (పేరెందుకు, ఒక్క హోటల్ సంగతి కాదిది) కింద 120 రూపాయల మీల్స్ పైన 160. కూరలు అవే, వంటిల్లు అదే. తేడా ఎందుకండీ అని అడిగితే "ఏసీకి టాక్స్ ఎక్కువమ్మా" అన్నాడు.

ఆ మాట ఒకప్పుడు నిజమే. 2017 జులైలో జీఎస్టీ వచ్చిన కొత్తలో ఏసీ లేని హోటళ్లకు 12 శాతం, ఏసీ ఉన్నవాటికి 18 శాతం ఉండేది. అంతకు ముందు సర్వీస్ ట్యాక్స్ ఉన్న రోజుల్లోనూ ఏసీ హోటళ్ల బిల్లే బరువు. కానీ 2017 నవంబరు 15 నుంచి మనలాంటి వాళ్లం తినే హోటళ్లన్నిటికీ ఏసీ ఉన్నా లేకపోయినా 5 శాతమే. ఖరీదైన గదులుండే స్టార్ హోటళ్ల లెక్క వేరు. ఆ పై 40 రూపాయలు చల్లగాలికి వేసుకున్న ధర, ప్రభుత్వానికి కట్టే పన్ను కాదు. చల్లగా కూర్చోవాలనుకున్నవాళ్లు ఆ డబ్బు కట్టడం న్యాయమే. నేను అడగకుండా నన్ను పైకి పంపించి నా దగ్గర తీసుకోవడం న్యాయం కాదు. నెలంతా ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెట్టుకొచ్చే పిల్లకు 40 రూపాయలంటే మర్నాటి టిఫిను.

హోటళ్లవాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. ఇందులో ఒక చిక్కు ఉంది, అది అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. మధ్యాహ్నం ఒంటిగంటకు మీల్స్ హోటల్ కళకళలాడుతూ ఉంటుంది. నలుగురు పట్టే బల్ల మీద ఒకరికొకరు తెలియని నలుగురు మగవాళ్లు కూర్చొని తింటారు. ఒకరు లేస్తే ఇంకొకరు. కుర్చీ చల్లారకుండా తిరుగుతుంటేనే ఆ ధరకి అంత భోజనం పెట్టడం కుదురుతుంది. ఇప్పుడు ఆ బల్ల దగ్గర నేను కూర్చున్నాననుకోండి. సర్వరు నా ఎదుట పరాయి మగవాణ్ని కూర్చోబెట్టడు. మర్యాద కోసమే కూర్చోబెట్టడు. వచ్చినవాళ్లూ మొహమాటపడి పక్కకు పోతారు. ఒక్క మనిషి తింటుంటే మూడు కుర్చీలు ఖాళీ. గల్లాపెట్టె దగ్గరాయన కళ్లకు నేను మూడు భోజనాల నష్టంగా కనపడతాను. అందుకే "పైకెళ్లమ్మా", అదీ కాకపోతే "పార్శిల్ ఇమ్మంటారా?" మర్యాద పేరుతో మొదలైంది చివరికి మమ్మల్ని గుమ్మం బయటే నిలబెట్టేసింది.

దీనికి విరుగుడు మన పెళ్లిళ్లలోనే ఉంది. బంతి భోజనంలో ఎవరూ ఎవరి ఎదుటా కూర్చోరు. అందరూ ఒక వరసలో ఒకే వైపు మొహం పెట్టి కూర్చుంటారు. హోటల్లో గోడవైపు ఒక పొడుగాటి బల్ల వేసి ముందు ఒంటి కుర్చీలు పెడితే చాలు. ఒక్కరే వచ్చినవాళ్లు ఆడైనా మగైనా అక్కడ కూర్చుంటారు. ఎదుట గోడ, పక్కన ఎవరో ఒకరు. కుర్చీ ఖాళీగా ఉండదు, ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఏసీ బిల్లు పడదు. పెద్ద ఖర్చు కూడా కాదు.

బంతి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. మా ఊళ్లో ఇప్పటికీ ఇంటి దగ్గర ఏ కార్యం జరిగినా వండి వార్చిన ఆడవాళ్లు ఆఖరి బంతిలో తింటారు. అప్పటికి వేపుడు అయిపోతుంది, పప్పు అడుగంటుతుంది. రోజూ ఇంట్లోనూ అంతే. అమ్మ మాకందరికీ పెట్టాక, గిన్నెల్లో మిగిలింది కలుపుకొని వంటింట్లో పీట మీద కూర్చొని తింటుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేల్చింది. దానికి కారణాలు చాలా ఉంటాయి, ఐరన్ మాత్రలూ కావాలి, పరీక్షలూ కావాలి. కానీ ఆడది ఆఖర్న, మిగిలింది, గబగబా తినాలనే అలవాటుకు అందులో భాగం లేదని నేను అనుకోలేను. హాస్టల్ మంచం మీద పొట్లం విప్పి, ఒక చేత్తో ఫోను పట్టుకొని ఐదు నిమిషాల్లో తినేసే మా అలవాటు కూడా ఆ ఆఖరి బంతికి చుట్టమే.

పోయిన సంక్రాంతి ముందు అమ్మ కళ్లజోడు కోసం గుంటూరు వచ్చింది. పని అయ్యేసరికి ఒంటిగంటన్నర. నేను అమ్మను అరండల్‌పేటలో ఒక మీల్స్ హోటల్‌కి తీసుకెళ్లాను. "ఎందుకే, రెండు ఇడ్లీ కట్టించు, బస్టాండులో తినేద్దాం" అంది. పట్టుబట్టి కింద హాల్లోనే కూర్చున్నాం. విస్తరి పడగానే అమ్మ చెయ్యి తనంతట తనే పచ్చడి గిన్నె వైపు పోయింది, నాకు వడ్డించడానికి. ఆ సర్వరు పెద్దాయన, "మీరు తినండమ్మా, నేనున్నాగా" అని గిన్నె తీసుకొని ముందు అమ్మకే వడ్డించాడు. నెయ్యి పోస్తుంటే అమ్మ చాలు చాలంటూనే ఉంది. ఆయన రెండోసారి గోంగూర తెచ్చాడు, మూడోసారి అన్నం తెచ్చాడు. అమ్మ ఎప్పుడూ అంత నెమ్మదిగా తినడం నేను చూళ్లేదు. చారు పోసుకున్నాక "ఇందులో మిరియాలు ఎక్కువేశారు, బాగుంది" అంది. వంట చేసే మనిషి ఇంకొకరి వంటను కూర్చొని రుచి చూసి మాట చెప్పడం అది. నాన్న అలాంటి మాటలు మాకు ఏళ్ల తరబడి చెప్తున్నాడు. అమ్మ నోట వినడం అదే మొదటిసారి.

ఆ రోజు తర్వాత నేను ఈ విషయంలో రాజీ పడదలచుకోలేదు. ఎవరి ఎదుటా గొంతు పెంచాల్సిన పనిలేదు. "పైకెళ్లమ్మా" అంటే "కిందే కూర్చుంటానండీ" అంటాను. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. కుర్చీ చూపిస్తారు. ఆ ఒక్క మాట అనడానికి మొదట్లో గొంతు పెగిలేది కాదు, ఇప్పుడు అలవాటైంది.

అయినా ఇది నా తెగువ మీద, వాళ్ల మంచితనం మీద నడవాల్సిన వ్యవహారం కాదు. పొలిటికల్ సైన్స్ క్లాసులో ప్రాథమిక హక్కులు చెప్పేటప్పుడు 15వ అధికరణాన్ని ఒక గంటలో దాటేస్తారు. పరీక్షకు అది ఐదు మార్కుల ప్రశ్న. ఒకసారి నిదానంగా చదివాను. అందులో రెండో క్లాజు మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో దేని కారణంగానూ ఏ పౌరుణ్నీ దుకాణాలకూ, పబ్లిక్ రెస్టారెంట్లకూ, హోటళ్లకూ, వినోద స్థలాలకూ రాకుండా అడ్డుకోకూడదని చెప్తుంది. దేశానికి రాజ్యాంగం రాసినవాళ్లు పనిగట్టుకొని హోటల్ అనే మాట అందులో పెట్టారు. ఎందుకు పెట్టారో మన వైపు చరిత్ర తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. గుంటూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో ఆ రాష్ట్రంలో కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది, దళితులకు గుమ్మం దాటే వీలే ఉండేది కాదు. రాజ్యాంగం వచ్చాక కూడా మన పల్లెల్లో టీ కొట్ల దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి చాలాకాలం సాగింది. ఆ అవమానం ముందు నా 40 రూపాయల గొడవ చాలా చిన్నది. రెండిటినీ ఒక గాటన కట్టను. కానీ ఆ పోరాటాల పుణ్యాన రాసుకున్న వాక్యంలో కులం పక్కనే లింగం అని కూడా ఉంది. అదే అధికరణం మూడో క్లాజు ఆడవాళ్ల కోసం ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చంటుంది. నా ఉద్దేశంలో ఫ్యామిలీ హాలు ఉండటంలో తప్పులేదు. పిల్లలతో వచ్చిన తల్లులకు, పెద్దవాళ్లకు అది హాయి. కావాలన్నవాళ్లకు పైన చోటుండాలి, వద్దన్నవాళ్లకు కింద అడ్డుండకూడదు.

"ఇక్కడి మగవాళ్లు చూసే చూపులకు ఎట్లా కూర్చుంటావే" అని మా రూమ్మేటే అడుగుతుంది. ఆమె భయం ఉత్తిది కాదు. చేతులు కడుక్కునే చోటు వంటింటి గుమ్మం పక్కన, అక్కడ నలుగురు నిలబడి తదేకంగా చూస్తుంటే అన్నం గొంతు దిగదు. నాకూ జరిగింది. ఆమె పైన కూర్చుంటానంటే నేను ఆమెతో పైకే వెళ్తాను. కాకపోతే, హాల్లో ఒక్క అమ్మాయి ఉన్న రోజున పడే చూపులు ముగ్గురు నలుగురు ఉన్న రోజున పడవు. ఇది నేను చూసి చెప్తున్న మాట. మేం కనపడకపోవడం వల్లే మేం వింత అయ్యాం.

మన జనానికి అలవాటు లేదు అనేవాళ్లు ఒకసారి అన్న క్యాంటీన్‌కి వెళ్లి చూడాలి. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచిన ఆ క్యాంటీన్లలో పూట భోజనం 5 రూపాయలు. నెలాఖర్లో నేనూ అక్కడ తిన్నాను. ఆటో డ్రైవర్లు, హమాలీలు, తాపీ పనికొచ్చిన ఆడకూలీలు, ఆస్పత్రిలో రోగికి తోడొచ్చిన ముసలమ్మలు, అందరూ ఒకే చోట ప్లేటు పట్టుకొని తింటారు. అక్కడ పైన మేడ లేదు, ఫ్యామిలీ హాలు లేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆకలిగా పనికి పోయే ఆడవాళ్లు మగవాళ్ల పక్కన నిలబడి తినడం ఈ ఊరికి చేతనైన పనే అన్నమాట. కాస్త డబ్బు పెట్టి తినే చోటికి వచ్చేసరికి ఆ చేతనైన పనిని మనం మర్చిపోతున్నాం.

ఇంకో విడ్డూరం. ఈ ఊళ్లో తిండి వండేవాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది! పొద్దున్నే ఇడ్లీ బండి నడిపే అక్కలు, ఇంట్లో వండి కర్రీ పాయింట్లో అమ్మే పిన్నులు, హోటళ్ల వెనక గదిలో కూరగాయలు తరిగేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు. బండి దగ్గర పిండి కలిపేది, వేసేది, డబ్బు లెక్కపెట్టేది ఆడమనిషి, ఆమె చుట్టూ ప్లేట్లు పట్టుకొని నిలబడి తినేది మగవాళ్లు. మా హాస్టల్ దగ్గర బండి అక్కతో ఒకసారి ఈ మాటే అంటే, "నిలబడి తినడానికి నీకు సిగ్గైతే నా స్టూలు మీద కూర్చో" అని తన స్టూలు ఇచ్చింది. ఆ తర్వాత నేను అక్కడే కూర్చొని తింటున్నాను. హోటల్ హాల్లో వడ్డించే చోట మాత్రం ఆడవాళ్లు కనపడరు. ఇద్దరు ఆడవాళ్లు బకెట్టు పట్టుకొని హాల్లో తిరుగుతుంటే గుమ్మంలో నిలబడి ఆలోచించే అమ్మాయి తప్పకుండా లోపలికొస్తుంది.

రాత్రి సంగతి వేరే. అబ్బాయిలకు ఈ ఊరు రాత్రి పదకొండు తర్వాత కూడా తిండి పెడుతుంది. రైల్వే స్టేషన్ వైపు టిఫిన్ బండ్లు, అర్ధరాత్రి దాకా దొరికే బిర్యానీ. పరీక్షల ముందు వాళ్లు చదువుకొని, బయటికొచ్చి తిని, టీ తాగి మళ్లీ చదువుకుంటారు. మాకు ఎనిమిదింటికి గేటు పడుతుంది. ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెట్టి రాత్రికి మెస్ మూసేస్తారు. ఆ రాత్రి మేం బయట తినాలి, ఎనిమిదిలోపు లోపల ఉండాలి. అందుకే ఆదివారం సాయంత్రం కర్రీ పాయింట్ల ముందు అంత రద్దీ. మెస్ లేని రోజైనా గేటు గంటన్నర ఆలస్యంగా వేయమని అడిగితే "మీ పేరెంట్స్ ఒప్పుకోరు" అంటారు వార్డెన్ మేడం. మా పేరెంట్స్‌ని అడిగారా అంటే జవాబు లేదు. నేను అమ్మను అడిగాను. "ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి తినండి, ఖాళీ కడుపుతో పడుకోవద్దు" అంది.

గుంటూరుకి ఆడపిల్లలు చదువుకోడానికి రావడం కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడవాళ్ల చదువు కోసం ఇక్కడ శారదా నికేతనం పెట్టింది 1922లో. వందేళ్లు దాటింది. చదువు చెప్పడానికి అంత ముందుగా ఆలోచించిన ఊరు, ఆ చదువుకునే పిల్ల బయట ఎక్కడ కూర్చొని అన్నం తింటుందని ఈపాటికి ఆలోచించి ఉండాల్సింది. ఇప్పుడు బస్సులూ మారాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రంలో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. మా ఊరి నుంచి అమ్మ వయసు ఆడవాళ్లు కూడా పని చూసుకొని రావడానికి గుంటూరు బస్సెక్కుతున్నారు. పొద్దున ఎక్కినవాళ్లు మధ్యాహ్నం దాకా నీళ్లు కూడా తాగరు. ఎందుకంటే తాగితే బాత్రూమ్ కావాలి. హోటళ్లలో ఆడవాళ్లకు వేరే బాత్రూమ్ ఉన్నది తక్కువ. ఉన్నచోట తలుపుకి గడియ ఉండదు, లేదా అందులో ఉల్లిపాయ బస్తాలు ఉంటాయి. నెలసరి రోజుల్లో నేను బయట భోజనం మానేసేది దీనివల్లే. కూర్చునే చోటు గురించి ఇంత రాశాను గానీ, నన్ను ఒక్కటే కోరుకోమంటే శుభ్రంగా ఉండి లోపల గడియ పడే బాత్రూమ్ కోరుకుంటాను.

ఈ మాటలన్నీ మా లైన్లో మెస్ నడిపే ఒకాయనతో మొన్న చెప్పాను. నెలలో చాలాసార్లు ఆయన దగ్గరే తింటాను కాబట్టి చనువుంది. బాబాయ్ అని పిలుస్తాను. గోడవైపు బల్ల మాట చెబితే మొదట కొట్టిపారేశాడు. "ఆడపిల్లలు రెండ్రోజులు వచ్చి మానేస్తారమ్మా, నా చోటు పోతుంది" అన్నాడు. మా ఒక్క హాస్టల్ పిల్లలం రోజూ రాలేం, మా దగ్గర అన్ని డబ్బులుండవు, ఆ మాట దాచలేదు. కానీ ఈ రెండు లైన్లలో ఉన్న లేడీస్ హాస్టళ్లన్నీ కలుపుకొని, మెస్ లేని ఆదివారం సాయంత్రాలు కూడా లెక్కేసుకుంటే ఎంతమందో ఆయనకే వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. మా రూమ్మేటు కూడా పక్కనే ఉంది. "గోడవైపు అయితే నేనూ కిందే కూర్చుంటా" అంది. ఆయన లేచి, చెయ్యి కడుక్కునే చోటు నుంచి కిటికీ దాకా జానలు వేసుకుంటూ గోడ కొలిచాడు. ఐదు కుర్చీలు పడతాయన్నాడు. ఆరు పడతాయని నేనన్నాను. ఫ్యాను ఎక్కడ బిగించాలో ఇంకా తేలలేదు.